పూస నడుమ పస్తులుంటున్న ఎంజైమ్

ప్రశ్న: నమస్తే సార్. నేను హన్మకొండలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం ఈస్ట్ నుంచి తీసిన ఇన్వర్టేజ్ ఎంజైమ్‌ను (చక్కెరను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడగొట్టేది) ఆల్జినేట్ అనే జెల్ బీడ్స్‌లో బంధించి, వాటిని గాజు కాలమ్‌లో నింపి, పైనుంచి 0.5 శాతం చక్కెర నీళ్లు పంపుతున్నాను. ఒక్కో బీడ్ దాదాపు 4 మి.మీ. ఉంటుంది. గ్లూకోజ్ సరిగా రావట్లేదని బీడ్స్‌లో ఎంజైమ్ రెట్టింపు వేశాను. వేగం రెట్టింపు కాలేదు, ఒకటిన్నర రెట్లే అయింది. ఫ్లో పెంచితే చక్కెర మారే శాతం ఇంకా పడిపోయింది. మొదటి బ్యాచ్ బీడ్స్‌నే నలిపి బీకర్‌లో వేస్తే మాత్రం రెండింతలకు పైగా వచ్చింది. మా గైడ్ "డిఫ్యూజన్ లిమిటేషన్ అని రాసెయ్" అన్నారు. వైవాలో ఇంకా లోతుగా అడిగితే ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఇంకో సంగతి. విడిగా నీళ్లలో ఉంచిన ఎంజైమ్ నాలుగు రోజులకే సగమైంది. బీడ్స్ మాత్రం అన్ని రోజులూ పెద్దగా తగ్గకుండా పనిచేశాయి. బంధిస్తే ఎంజైమ్‌కు ఆయుష్షు పెరుగుతుందని రాయొచ్చా?
– ఒక విద్యార్థిని, హన్మకొండ

జవాబు: బిడ్డా, నీ ఉత్తరంలో మూడు ప్రయోగాలున్నాయి. రెండు చక్కగా చేశావు, ఒకదాన్ని చదువుకోవడంలో పొరపాటు పడ్డావు. ఆయుష్షు మాట మాత్రం అలాగే రాసెయ్యకు. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ఆ పొరపాటు నేనూ చేశాను, దాని ఖరీదు నాకు తెలుసు.

ముందు వంటింట్లోకి పద. సగ్గుబియ్యం పాయసం కాచేటప్పుడు, కాసేపు మరిగాక ఒక గింజను గరిటెతో తీసి గోటితో నొక్కి చూడు. పైపొర అద్దంలా మెరుస్తూ జారిపోతుంది. నడుమ మాత్రం సున్నపు చుక్కలా తెల్లగా, గట్టిగా తగులుతుంది. గిన్నె నిండా నీళ్లే, కుతకుత ఉడుకుతున్నాయి, అయినా గింజ నడుమకు తడి చేరలేదు. మా అమ్మ ఆ చుక్క పోయేదాకా గిన్నె దింపనిచ్చేది కాదు. నీ ఆల్జినేట్ పూసలు కూడా చూడ్డానికి ఉడికిన సగ్గుబియ్యంలాగే ఉంటాయి. వాటి నడుమ కూడా అలాంటి చుక్క ఉంది. నీళ్లు అక్కడికి చేరాయి, చక్కెరే చేరలేదు. సగ్గుబియ్యంలో చుక్క కంటికి కనబడుతుంది, ఇక్కడ కనబడదు. అందుకే ఇంత తంటా.

పూస బయట చక్కెర నీళ్లు పారుతుంటాయి, పంపు నెడుతుంటుంది. పూస లోపల పారేదేమీ లేదు. జెల్ సందుల్లోని నీళ్లలో చక్కెర అణువు ఇక్కడ తగిలి అక్కడ తగిలి, దిక్కూ దారీ లేకుండా తిరుగుతూ తిరుగుతూ లోపలికి చేరాలి. దీన్నే డిఫ్యూజన్ అంటాం, తెలుగు పుస్తకాల్లో విసరణ అని రాస్తారు. ఈ నడకకు ఒక విచిత్రమైన లెక్క ఉంది. మామూలు గది వేడిలో, ఒట్టి నీళ్లలో చక్కెర అణువు 0.1 మి.మీ. జరగడానికి సుమారు 10 సెకన్లు పడుతుంది. 1 మి.మీ. జరగాలంటే 16 నిమిషాలు. 1 సెం.మీ. అయితే ఒక రోజు దాటిపోతుంది. దూరం పదింతలైతే సమయం వందింతలన్నమాట. జెల్‌లో ఇంకాస్త నెమ్మది. నీ పూస నడిబొడ్డు అంచుకు 2 మి.మీ. లోతున ఉంది, అంటే గంట పైమాట ప్రయాణం. ఆ దారి పొడుగునా ఎంజైమ్ కాచుకుని కూర్చుంది, వచ్చిన చక్కెరను వచ్చినట్టు తినేస్తోంది.

దావత్‌లో బగారన్నం గిన్నె ముందు బంతి దగ్గరే ఖాళీ అయిపోతే వెనక బంతిలో కూర్చున్నవాళ్లు పస్తే కదా. వాళ్లకు తినడం చేతకాదని ఎవరూ అనరు. నువ్వు ఎంజైమ్ రెట్టింపు వేసినప్పుడు ముందు బంతిలోనూ రెట్టింపు మందిని కూర్చోబెట్టావు, వెనక బంతిలోనూ కూర్చోబెట్టావు. గిన్నె ఇంకా తొందరగా ఖాళీ అయింది. వెనకవాళ్లకు ఇదివరకు దక్కిన నాలుగు మెతుకులు కూడా ఇప్పుడు దక్కట్లేదు.

తినే వేగానికీ తెచ్చే వేగానికీ మధ్య ఉన్న ఈ పోటీని ఎర్నెస్ట్ థీలే అనే అమెరికా కెమికల్ ఇంజినీర్ 1939లో ఒక్క అంకెలోకి దించాడు. ఆయన మనసులో ఉన్నవి రంధ్రాలున్న రసాయన ఉత్ప్రేరకపు గింజలు. లెక్క మాత్రం నీ పూసకు అచ్చంగా అతుకుతుంది. పూస వ్యాసార్థంలో మూడో వంతు తీసుకో. వీమ్యాక్స్‌ను, అంటే ఎంజైమ్ గరిష్ఠ వేగాన్ని, కేఎమ్‌తోనూ (ఆ వేగంలో సగం రావడానికి కావలసిన చక్కెర గాఢత), జెల్‌లో చక్కెర డిఫ్యూజన్ గుణకంతోనూ భాగించి దాని వర్గమూలం తియ్యి. ఈ రెండింటినీ గుణిస్తే వచ్చేదే థీలే మాడ్యులస్. అది 0.3 లోపుంటే డిఫ్యూజన్ సంగతి మరిచిపోవచ్చు. 3 దాటితే పూసలో చాలా భాగం దండగ. దీని జంట అంకె ఎఫెక్టివ్‌నెస్ ఫ్యాక్టర్. ఎంజైమ్ అంతటికీ బయట ఉన్నంత చక్కెర అందితే ఎంత పని జరిగేదో, అందులో ఎన్నో వంతు నిజంగా జరుగుతోందో అది చెబుతుంది.

నీ అంకెలు వేసి చూశాను. 0.5 శాతం చక్కెర అంటే ఇన్వర్టేజ్ కేఎమ్ కంటే తక్కువే, కాబట్టి ఫస్ట్ ఆర్డర్ లెక్క, అంటే చక్కెర ఎంత ఉంటే వేగం అంత అనే లెక్క, ఉజ్జాయింపుగా సరిపోతుంది. ఎంజైమ్ రెట్టిస్తే వేగం ఒకటిన్నర రెట్లే రావాలంటే మొదటి బ్యాచ్‌లో మాడ్యులస్ 2 దగ్గర ఉండాలి. అప్పుడు ఎఫెక్టివ్‌నెస్ ఫ్యాక్టర్ 0.42. అంటే నీ ఎంజైమ్ చెయ్యగలిగిన పనిలో సగం కూడా జరగట్లేదు. సరే, ఇది నిజమైతే పూసల్ని పూర్తిగా నలిపినప్పుడు వేగం ఎంత పెరగాలి? 1ని 0.42తో భాగించు, 2.4 రెట్లు. నీకు రెండింతలకు పైగా వచ్చింది. నలిపినా చిన్న చిన్న తునకలు మిగులుతాయి కాబట్టి ఆ కాస్త తక్కువ సహజమే. చూశావా, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ప్రయోగాలు ఒకే మాట చెబుతున్నాయి. వైవాలో "డిఫ్యూజన్ లిమిటేషన్ సార్" అని ఆగిపోకుండా ఈ రెండు అంకెలూ బోర్డు మీద రాయి. అడిగేవాళ్లు ఆ తర్వాత వేరే చాప్టర్‌కు వెళ్లిపోతారు.

ఇదే లెక్కలో ఇంకాస్త ముందుకు పోదాం. పూస సైజు 4 మి.మీ. అలాగే ఉంచి ఎంజైమ్ నాలుగింతలు వేస్తే వేగం 2.2 రెట్లే అవుతుంది. ఎంజైమ్ ఒక్క చుక్క పెంచకుండా పూసను 2 మి.మీ. చేస్తే ఫ్యాక్టర్ 0.67కు, 1 మి.మీ. చేస్తే 0.88కి పోతుంది. అంటే 1 మి.మీ. పూస ఇచ్చే లాభమూ, నాలుగింతల ఎంజైమ్ ఇచ్చే లాభమూ దాదాపు ఒకటే. ఎంజైమ్ డబ్బా రేటు నీకు తెలుసు. సిరంజి సూది ధరా తెలుసు.

ఇక ఫ్లో సంగతి. ఫ్లో పెంచితే శాతం పడిపోయింది కాబట్టి బయట డిఫ్యూజన్ సమస్య లేదని నువ్వు నోట్‌బుక్‌లో రాసుకుని ఉంటావు, చాలామంది అదే రాస్తారు. పూస చుట్టూ కదలని నీటి పొర ఒకటి సన్నగా అతుక్కుని ఉంటుంది, చలికాలం పొద్దున ఒంటికి చుట్టుకున్న దుప్పటి లాగా. చక్కెర ముందు ఆ పొర దాటాలి, ఆ తర్వాతే జెల్‌లోకి. ఫ్లో పెరిగితే పొర పలచబడుతుంది. కాని నువ్వు ఫ్లో పెంచినప్పుడు ఇంకోటి కూడా మారింది, నీళ్లు కాలమ్‌లో ఉండే సమయం తగ్గింది. రెండు మార్పులు కలిసిపోయాయి, ఏది ఎంత చేసిందో తెలియదు. అందుకని ఫ్లో రెట్టించినప్పుడు కాలమ్‌లో పూసల ఎత్తు కూడా రెట్టించు. అప్పుడు సమయం అంతే ఉంటుంది, వేగమే మారుతుంది. మారిన చక్కెర శాతం అంతే వస్తే బయటి పొరతో పేచీ లేదు. పెరిగితే ఉంది. అంత పొడుగు కాలమ్ లేకపోతే ఫ్లాస్కులో వేసి షేకర్ వేగం 100, 150, 200 అంటూ పెంచుకుంటూ పో. ఎక్కడైతే వేగం పెంచినా ఫలితం మారడం ఆగిపోతుందో అక్కడ బయటి పొర కథ ముగిసింది. అప్పటికీ మిగిలిన లోటు అంతా పూస లోపలిదే. షేకర్ ఎంత తిప్పినా లోపలి నడక మారదు.

నలిపే ప్రయోగంలో ఒక దొంగ ఉన్నాడు, వాణ్ని పట్టుకునే వైవాకు పో. పూస పగిలినప్పుడు కొంత ఎంజైమ్ జెల్ వదిలి నీళ్లలోకి కారిపోవచ్చు. అలా కారినది విడి ఎంజైమ్‌లా పనిచేస్తుంది, నువ్వేమో తునకలు చేసిన పని అనుకుంటావు. నలిపిన తర్వాత వడకట్టి, ఆ వడకట్టిన నీళ్లలో చక్కెర వేసి చూడు. గ్లూకోజ్ వస్తే ఎంత వచ్చిందో తీసెయ్యి. పీహెచ్ మారకుండా పట్టి ఉంచే బఫర్ ఏది వాడావో నువ్వు రాయలేదు. ఫాస్ఫేట్ గానీ సిట్రేట్ గానీ అయితే వెంటనే మార్చు. అవి ఆల్జినేట్‌ను పట్టి ఉంచే కాల్షియాన్ని లాగేసుకుంటాయి, పూస మెత్తబడి ముద్దవుతుంది. పీహెచ్ 4.5 దగ్గర అసిటేట్ బఫర్ పెట్టుకో, ఇన్వర్టేజ్‌కూ అదే ఇష్టం. అందులో చిటికెడు కాల్షియం క్లోరైడ్ ఉంటే పూసలు గట్టిగా నిలుస్తాయి.

ఇప్పుడు ఆయుష్షు సంగతి. లెక్చరర్ ఉద్యోగం రాకముందు నేను హైదరాబాద్ శివారులో ఒక చిన్న కంపెనీలో మూడేళ్లు చేశాను. పేరెందుకులే. పెన్సిలిన్ జీని ఎంజైమ్‌తో రెండు ముక్కలు చేసి 6-ఏపీఏ తీసేవాళ్లం, దాన్నుంచే యాంపిసిలిన్, అమాక్సిసిలిన్ లాంటివి తయారవుతాయి. ఎంజైమ్ పూసలకు కట్టి ఉండేది. రోజూ షిఫ్ట్ అయిపోగానే ఎంత మారిందో రిజిస్టర్‌లో ఎక్కించడం నా పని. గళ్ల కాగితం మీద నీలం పెన్నుతో గీత గీసేవాణ్ని. మూడు వారాలు గీత బల్లపరుపుగా పోయింది. మా మేనేజర్‌కు చూపించి, "మన ఎంజైమ్ ఉక్కు ముక్క సార్, ఇంకో రెండు నెలలకు కొత్త పూసలు ఆర్డర్ పెట్టక్కర్లేదు" అన్నాను. ఆయన నా మాట నమ్మాడు. నాలుగో వారంలో గీత వంగింది, ఆరో వారానికి జారుడుబండ అయింది. కొత్త సరుకు రావడానికి టైం పడుతుంది, రియాక్టర్ ఖాళీగా కూర్చుంది. ఆ నెల జీతం రోజు ఆయన నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

జరిగిందేమిటంటే, ఎంజైమ్ మొదటి రోజు నుంచీ చస్తూనే ఉంది. కాని ముందు బంతిలో కొందరు లేచిపోతే, ఇన్నాళ్లు పస్తున్న వెనక బంతికి అన్నం అందడం మొదలవుతుంది. వాళ్లు పని అందుకుంటారు. మొత్తం లెక్క పెద్దగా తగ్గినట్టు కనబడదు. వెనక బంతి కూడా అయిపోయాక, ఇక ఆసరా లేక, గీత ఒక్కసారి కూలుతుంది. నీ పూసల అంకెలతో చెప్పాలంటే, నాలుగు రోజులకు నీ విడి ఎంజైమ్ 100 నుంచి 50కి పడింది కదా. పూసలోని ఎంజైమ్ కూడా సరిగ్గా అంతే చచ్చి ఉన్నా, పూస వేగం 100 నుంచి 65 దాకానే తగ్గుతుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే పూసలో ఎంజైమ్‌కు ఆయుష్షు పెరిగినట్టే ఉంటుంది. నిజానికి అక్కడ పెరిగిందేమీ ఉండకపోవచ్చు, నిల్వ కరుగుతోందంతే.

నేను బంధించడం వల్ల స్థిరత్వం రాదని అనట్లేదు. చాలా ఎంజైములకు నిజంగానే వస్తుంది, ముఖ్యంగా గట్టిగా నాలుగు చోట్ల కట్టేసినప్పుడు. కాని నీ దగ్గర ఉన్న రుజువు దానికి చాలదు. రెండు రోజులకోసారి ఐదారు పూసలు తీసి, నలిపి, అప్పుడు వేగం కొలువు. నలిపినదాని గీత నెమ్మదిగా తగ్గితే స్థిరత్వం నిజం, ధైర్యంగా రాయి. నలిపినది తొందరగా తగ్గుతూ, నలపనిది మాత్రం నిలకడగా ఉంటే నా నీలం పెన్ను గీత గుర్తు తెచ్చుకో.

పెన్సిలిన్ పూసల్లో ఇంకో తిరకాసు కూడా చూశాను. ఆ చర్యలో ఆసిడ్ పుడుతుంది. బయట మీటర్ పీహెచ్ 8 చూపిస్తుంటే మేం నిశ్చింతగా ఉండేవాళ్లం. చక్కెర లోపలికి పోవడం ఎంత కష్టమో, పుట్టిన ఆసిడ్ బయటికి రావడం కూడా అంతే కష్టం కదా. పూస లోపల పీహెచ్ అంతకంటే కిందే ఉండేది, మీటర్‌కు అది తెలియదు. నీ ఇన్వర్టేజ్‌లో ఆసిడ్ పుట్టదు, నీకా బాధ లేదు.

మరి పూస చిన్నది చెయ్యడమెలా? సన్న సూది పెడితే చాలనుకుంటారు. చుక్క బరువు సూది మందాన్ని బట్టి తగ్గుతుంది, చుక్క వ్యాసం మాత్రం దాని ఘనమూలాన్ని బట్టే తగ్గుతుంది. వ్యాసం సగం కావాలంటే సూది ఎనిమిదో వంతు మందం ఉండాలి, అందులోంచి 2 శాతం ఆల్జినేట్ నెట్టేసరికి బొటనవేలు వాచిపోతుంది. మా విద్యార్థులు చేపల తొట్టి గాలి పంపు తెచ్చి, సూది చుట్టూ ఇంకో గొట్టం తొడిగి, కిందికి గాలి ఊదేవాళ్లు. చుక్క పెద్దదయ్యేలోపే గాలి తెంపేస్తుంది. ఒకటిన్నర, 2 మి.మీ. పూసలు అలా సులువుగా వచ్చేవి.

అయితే అత్యాశకు పోకు. పూస చిన్నదైతే నడుమ సందులూ చిన్నవవుతాయి. అదే ధార నడవాలంటే, వ్యాసం సగమైనప్పుడు ఒత్తిడి నాలుగింతలు, 4 మి.మీ. నుంచి 1 మి.మీ.కు దిగితే పదహారింతలు కావాలి. ఆల్జినేట్ మెత్తటిది, కాలమ్ అడుగున పూసలు నలిగి అతుక్కుని ధార ఆగిపోతుంది. నీ కాలమ్‌కు 2 మి.మీ. చాలు.

ఇంకో దారి మన సర్వపిండిలో ఉంది. మందపాటి గిన్నెకు పిండి ఒత్తి, పైన వేలితో ఎందుకు గుంతలు పెడతాం? నూనె ఆ గుంతల్లోంచి దిగి నడుమ కూడా వేగాలని. గుంతలు పెట్టని సర్వపిండి అడుగున మాడుతుంది, లోపల పిండి పిండిగా ఉంటుంది. పెద్ద రంధ్రాలున్న రెజిన్లు, సిలికా పూసలు చేసేది ఆ పనే. కొందరు అసలు లోపల ఎంజైమే పెట్టరు, పైపొరకే పూస్తారు. అందరూ ముందు బంతిలోనే కూర్చుంటారు.

పరిశ్రమల్లో డిఫ్యూజన్‌ను పూర్తిగా తరిమేసినవాళ్లు తక్కువ, దానితో సర్దుకుని బతికేవాళ్లే ఎక్కువ. జపాన్‌లో ఇచిరో చిబాతా బృందం 1969లో అమినోఆసైలేజ్ అనే ఎంజైమ్ కాలమ్‌తో మొదలుపెట్టిన, ఎంజైమ్‌ను బంధించి పరిశ్రమలో వాడే ఈ పద్ధతి, తర్వాత మక్కల పిండి నుంచి వచ్చే గ్లూకోజ్‌ను ఫ్రక్టోజ్‌గా మార్చే చోట అన్నిటికంటే పెద్దదైంది. అక్కడ చిక్కటి పాకం 55-60 డిగ్రీల దగ్గర పూసల మీదుగా పారి, 42 శాతం ఫ్రక్టోజ్‌తో బయటికొస్తుంది. వాళ్లు ఒకే కాలమ్‌ను నమ్ముకోరు. కొత్తదీ, సగం వయసుదీ, ముసలిదీ పక్కపక్కన నడుపుతారు. ముసలిది నెమ్మదిస్తే ధార తగ్గిస్తారు, కొత్తదానికి పెంచుతారు. నాకు ఆ కంపెనీలో ఉన్నప్పుడు ఎవరైనా ఈ సంగతి చెప్పి ఉంటే బాగుండేది.

ప్రశ్న: నేను జగిత్యాల జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సైన్స్ చెబుతాను. ముక్క చిన్నదైతే పని ఎక్కువ జరుగుతుందని పిల్లలకు చెబితే తల ఊపుతారు, అంతే. పెద్దగా ఖర్చు లేకుండా కళ్లకు కట్టేలా చూపించే మార్గం ఉందా?
– ఒక ఉపాధ్యాయుడు, జగిత్యాల

జవాబు: ఉంది సార్, దానికి కావలసిన పసుపు మీ పక్క జిల్లా నిజామాబాద్ నుంచే వస్తుంది. హారతి నీళ్లలో పసుపు, సున్నం కలిపితే ఎర్రబడటం పిల్లలందరూ చూసే ఉంటారు. అదే రంగు వాడుకుందాం.

కిరాణా కొట్టులో చైనా గ్రాస్ ప్యాకెట్ దొరుకుతుంది. నీళ్లలో మరిగించి, అర చెంచా పసుపు వేసి బాగా కలిపి, లోతైన టిఫిన్ డబ్బాలో పోయండి. చల్లారాక పచ్చటి గట్టి హల్వాలా ఉంటుంది. కత్తితో 1 సెం.మీ., 2 సెం.మీ., 3 సెం.మీ. ఘనాలు కోయండి. బట్టల సోడా నీళ్లు ఒక గిన్నెలో కలిపి మూడింటినీ ఒకేసారి వెయ్యండి. తినే సోడా చాలదు, ఘాటు తక్కువ. బట్టల సోడా కళ్లలో పడకుండా చూసుకోండి, పిల్లల చేత చెంచాతోనే తీయించండి.

కాసేపటికి తీసి నడుమకు కోస్తే అంచు చుట్టూ ఎర్రటి పట్టీ, లోపల పచ్చటి గుండె. మూడు ముక్కల్లోనూ పట్టీ మందం ఒకటే ఉంటుంది, స్కేలుతో కొలిపించండి. పట్టీ 3 మి.మీ. ఉందనుకోండి. చిన్న ఘనంలో నూటికి 94 వంతులు ఎర్రబడినట్టు, నడిమిదానిలో 66 వంతులు, పెద్దదానిలో సగం కూడా కాదు, 49. ఈ లెక్క పిల్లల చేతే చేయించండి, ఎనిమిదో తరగతి ఘనపరిమాణం పాఠం కూడా అక్కడే అయిపోతుంది. ఎర్రపట్టీ ఉన్నచోట ఎంజైమ్‌కు అన్నం అందినట్టు, పచ్చగా ఉన్నచోట అందనట్టు చెప్పండి.

ఓపిక ఉంటే ఇంకోటి. పట్టీ 2 మి.మీ. కావడానికి ఎంత సేపు పట్టిందో రాసుకుని, 4 మి.మీ. కావడానికి ఎంత పడుతుందో ముందు పందెం కట్టమనండి. అందరూ రెట్టింపు అంటారు. సుమారు నాలుగింతలు పడుతుంది. పందెం ఓడిపోయిన పిల్లాడు ఆ సంగతి జన్మలో మరిచిపోడు.

నిజమైన ఎంజైమే కావాలంటే ఒకే బరువున్న రెండు ఆలుగడ్డ ముక్కలు తీసుకుని, ఒకటి అలాగే, ఇంకోటి తురిమి, మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో వెయ్యండి. తురుము గ్లాసు పైదాకా నురగ కక్కుతుంది. తురిమినప్పుడు కణాలు కూడా పగిలి ఎంజైమ్ బయటికొస్తుంది కాబట్టి ఇది అంత ఖచ్చితమైన పోలిక కాదు, పిల్లలకు నచ్చేది మాత్రం ఇదే.

ప్రశ్న: నేను సింగరేణిలో చేసి రిటైరయ్యాను. షుగర్ ఉంది. మా మనవడు చేతికి అంటించే గ్లూకోజ్ సెన్సర్ పెట్టించాడు. అందులో ఎంజైమ్ ఉంటుందని చెప్పాడు. ఒంట్లో అన్ని రోజులు ఉన్నా ఆ ఎంజైమ్ పాడైపోదా? వేలి చుక్కతో చూస్తే ఒక అంకె, దీంట్లో ఇంకో అంకె ఎందుకొస్తుంది?
– ఒక పాఠకుడు, గోదావరిఖని

జవాబు: అన్నా, పై రెండు జవాబుల్లో డిఫ్యూజన్‌ను తిట్టిపోశాను. మీ సెన్సర్‌లో దాన్ని కావాలని తెచ్చి కూర్చోబెట్టారు. చాలా సెన్సర్లలో చర్మం కిందికి దిగే సన్నటి తీగ మీద గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. ఎంజైమ్‌ను ఎలక్ట్రోడ్‌కు జోడించవచ్చని 1962లో క్లార్క్, లయన్స్ అనే ఇద్దరు చూపించారు. ఇప్పుడు దాని మీద ఒక పొర కప్పుతారు, గ్లూకోజ్ ఆ పొర దాటి కొంచెం కొంచెంగానే లోపలికి రావాలి. లోపల ఎంజైమ్ అవసరానికి మించి ఉంటుంది. వచ్చిన గ్లూకోజ్ వచ్చినట్టే అయిపోతుంది, కాబట్టి అంకెను నిర్ణయించేది ఎంజైమ్ ఎంత ఉందన్నది కాదు, పొర ఎంత రానిచ్చిందన్నదే. రోజూ కాస్త ఎంజైమ్ పాడైనా అంకె మారదు. ఒంట్లో గ్లూకోజ్‌తో పోలిస్తే ఆక్సిజన్ చాలా తక్కువ. ఆక్సిజన్‌తో నడిచే సెన్సర్లలో గ్లూకోజ్ ఒక్కసారి మీద పడితే ఆక్సిజన్ చాలక అంకె తప్పుతుంది, పొర ఆ తాకిడిని కూడా ఆపుతుంది. నన్ను ముంచిన ఉపాయమే ఇక్కడ మిమ్మల్ని కాపాడుతోంది.

వేలికీ చేతికీ తేడా ఎందుకంటే, వేలి నుంచి వచ్చేది రక్తం. సెన్సర్ చూసేది చర్మం కింద కణాల మధ్య ఉండే నీరు. రక్తంలోని గ్లూకోజ్ అక్కడికి చేరడానికి ఐదు నుంచి పదిహేను నిమిషాలు వెనకబడుతుంది. తిన్న తర్వాత, నడిచిన తర్వాత ఆ తేడా ఎక్కువ కనబడుతుంది. చెమటలు పట్టి, కాళ్లు వణుకుతుంటే సెన్సర్ అంకె బాగానే ఉందని ఊరుకోకండి, వెంటనే వేలి చుక్కతో చూసుకుని, మీ డాక్టర్ చెప్పినట్టు చెయ్యండి. రాత్రి ఆ చేతి మీదికి ఒరిగి పడుకుంటే అక్కడ నీటి రాకపోకలు తగ్గి, షుగర్ పడిపోయినట్టు ఉత్త అలారం మోగుతుంది. పడుకునేటప్పుడు రెండో పక్కకు తిరగండి.